స్పెసిఫై అనే క్రియాపదం చేసే పని

దరఖాస్తు ఫారాల్లో చివరన ఒక గడి ఉంటుంది. పైన నాలుగైదు పేర్లు అచ్చువేసి, అడుగున ‘ఇతరములు’ అని పెట్టి, పక్కన ‘పేర్కొనండి’ అంటారు. దాని ఎదురుగా నాలుగంగుళాల చుక్కల గీత. అదే ఫారం ఇంగ్లీషులో ఉంటే అక్కడ ‘ప్లీజ్ స్పెసిఫై’ అని ఉంటుంది. అచ్చులో చోటు దొరకనివాళ్ళందరూ ఆ చుక్కల మీద ఇమడాలి.

అప్పుడప్పుడూ అనువాదాలు చేసేవాణ్ణి కాబట్టి ఆ ‘పేర్కొనండి’ దగ్గర నా చూపు కాస్త ఆగుతుంది. ఇంగ్లీషులో ‘మెన్షన్’ వేరు, ‘స్పెసిఫై’ వేరు. మనం రెండింటికీ ‘పేర్కొను’తోనే కానిచ్చేస్తాం. చక్కటి మాటే, కాదనను. పేరు, కొను: పేరును తీసుకోవడం. కానీ మెన్షన్ చేయడమంటే మాటల్లో ఒకసారి ఎత్తడం. దాంతో ఎవరికీ నష్టం లేదు, ఇంకెవరినీ బయటికి తోసేయదు కూడా. స్పెసిఫై అలా కాదు. ఇంట్లో ‘బియ్యం తీసుకురా’ అంటే షాపువాడు ఏది ఇచ్చినా బియ్యమే. ‘సోనా మసూరి, పాతవి, 25 కిలోల బస్తా’ అన్నామంటే మిగతా బస్తాలన్నీ అక్కడికక్కడ మనవి కాకుండా పోతాయి. వివరం చెప్పడంలోనే ఒక తోసివేత ఉంది. చట్టం చదివినవాళ్ళకి ఇది బాగా తెలుసు: ఒకదాని పేరు చెప్తే చెప్పనివాటిని వదిలేసినట్టే లెక్క.

వాడుక సంగతి కూడా ఒకటి చెప్పాలి. మనవాళ్ళు ‘స్పెసిఫై అబౌట్ ఇట్’ అంటూ ఉంటారు. తెలుగులో ‘దాని గురించి చెప్పు’ అనే అలవాటు వెనకనుంచి తోస్తుంది మరి. ఇంగ్లీషులో ఆ క్రియకి ‘అబౌట్’ అక్కర్లేదు, కర్మ నేరుగా వచ్చేస్తుంది. తేదీని స్పెసిఫై చేస్తారు, కులాన్ని స్పెసిఫై చేస్తారు. ‘గురించి’ అన్నప్పుడు విషయానికీ మనకీ మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. ఈ క్రియ ఆ ఖాళీ ఉంచదు.

మాట పుట్టుక చూస్తే లాటిన్ ‘స్పెసెరె’ దగ్గరికి వెళ్తాం. అంటే చూడటం. దాన్నుంచి ‘స్పీసీస్’: కంటికి కనిపించే రూపం, ఆపైన రకం, జాతి. రకరకాల సరుకులు అనే అర్థంలో అదే మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకొచ్చి ‘స్పైస్’ అయింది. మన మిరియాలూ యాలకులూ ఆ మాట కిందికే వచ్చాయి. సంస్కృతంలో ‘స్పశ్’ ధాతువు దీని చుట్టమే. దాన్నుంచి వచ్చిన ‘స్పశుడు’ అంటే వేగులవాడు, ఇంగ్లీషు ‘స్పై’ కూడా అదే వంశం. మనం రోజూ వాడే ‘స్పష్టం’ అక్కడిదే. స్పష్టం అంటే కంటికి కనిపించినది అని అసలు అర్థం. ‘కాస్త స్పష్టంగా చెప్పండి’ అన్నప్పుడు మనకి తెలియకుండానే స్పెసిఫైకి దూరపు బంధువుని పిలుస్తున్నామన్నమాట.

కానీ స్పెసిఫైలో చూపు ఒక్కటే లేదు. రెండో ముక్క లాటిన్ ‘ఫాసెరె’, అంటే చేయడం. రెండూ కలిస్తే ‘రూపం చేయడం’. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడమా, లేనిదాన్ని తయారుచేయడమా? ఆ అనుమానం మాట పుట్టుకలోనే ఉంది. రోమన్ న్యాయవేత్తలకి సరిగ్గా ఈ అనుమానం మీదే పెద్ద తగాదా నడిచింది. నీ ద్రాక్షపళ్ళతో నేను సారా చేశాను. ఆ సారా ఎవరిది? సబీనియన్లనే పక్షం సరుకు ఎవరిదైతే వాళ్ళదే అంది. ప్రొక్యూలియన్లు కాదు, చేసినవాడిదే అన్నారు. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కాలపు న్యాయగ్రంథం మధ్యేమార్గం పట్టింది. బంగారంతో చేసిన గిన్నెని కరిగిస్తే మళ్ళీ బంగారం వస్తుంది కాబట్టి గిన్నె బంగారం యజమానిదే. సారాని మళ్ళీ ద్రాక్షపళ్ళు చేయలేం, కనక అది చేసినవాడిది. ఇలా కొత్త వస్తువు పుట్టించడానికి తర్వాతి మధ్యయుగపు పండితులు పెట్టిన పేరు ‘స్పెసిఫికాషియో’. ఈ గిన్నె, సారా ఉపమానం కాస్త గుర్తుంచుకోండి, సుప్రీంకోర్టు దగ్గర పనికొస్తుంది.

ఇంగ్లీషులో ఈ క్రియకి పదును పెట్టింది పేటెంట్ల వ్యవహారం. 18వ శతాబ్దంలో ఇంగ్లండు రాజ్యం ఒక బేరం పెట్టింది: నీ యంత్రం మీద కొన్నేళ్ళు నీకే హక్కు ఇస్తాం, బదులుగా అదెలా పనిచేస్తుందో రాతపూర్వకంగా చెప్పు. ఆ రాతే స్పెసిఫికేషన్. 1778లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఒక సిమెంటు పేటెంటు కేసులో ఈ బేరాన్ని గట్టిపరిచాడు. ఆ వృత్తి తెలిసినవాడు ఆ రాత చదివి వస్తువు చేయగలగాలి, లేకపోతే హక్కు చెల్లదు. నూలు యంత్రాల రిచర్డ్ ఆర్క్‌రైట్ తన 1775 పేటెంటులో బొమ్మలు గీశాడు, భాగాలు చెప్పాడు, కానీ ఏది దేనికో తెలియకుండా గజిబిజి చేశాడు. 1785లో ఆ పేటెంటు కొట్టేశారు. వివరాలు చాలా ఉన్నాయి, వివరం లేదు. మన ఆఫీసు లేఖలు కొన్ని చదువుతుంటే నాకు ఆర్క్‌రైటే గుర్తొస్తాడు.

ఇంతవరకూ స్పెసిఫై అంటే పూర్తిగా విప్పి చెప్పడం. ఈ మాట మన దేశానికి వచ్చి మనుషుల మీద పనిచేసినప్పుడు విప్పడం పోయింది, పేరొక్కటే మిగిలింది.

1931 జనాభా లెక్కల కమిషనర్ జె.హెచ్. హట్టన్ ‘అణగారిన వర్గాలు’ ఎవరో తేల్చడానికి ప్రశ్నలు పెట్టుకున్నాడు. వీళ్ళకి బ్రాహ్మణ పురోహితుడు వస్తాడా? వీళ్ళ చేతి నీళ్ళు పైకులాలవాళ్ళు తాగుతారా? గుడిలోకి రానిస్తారా? బావి, బడి, రోడ్డు వాడుకోనిస్తారా? ఎంత మొరటుగా ఉన్నా ఇవి వర్ణన అడిగే ప్రశ్నలు. జవాబు ఊరికో రకంగా ఉండొచ్చు. నాలుగేళ్ళ తర్వాత వచ్చిన 1935 భారత ప్రభుత్వ చట్టంలో ఆ ప్రశ్నలు లేవు. గతంలో అణగారిన వర్గాలుగా పిలిచినవాటికి సరిపోలినట్టు కనిపించేవాటిలో, చక్రవర్తి స్పెసిఫై చేసినవే షెడ్యూల్డ్ కులాలు అని ఉంది. 1936లో ఆ ఉత్తర్వు వచ్చింది. రాష్ట్రాలవారీగా పేర్లు, అంతే. ఆ పేరు ఎందుకు ఉందో, ఆ మనుషులకి ఏం జరిగిందో ఒక్క వాక్యం ఉండదు.

‘షెడ్యూల్’ కూడా పాతకాలపు లాటిన్లో చిన్న కాగితం ముక్క. అంటే చీటీ. షెడ్యూల్డ్ కులాలంటే చీటీకెక్కిన కులాలు. బెంగాలీలో వీటిని ‘తఫ్‌సిలి జాతి’ అంటారు. తఫ్‌సీల్ అంటే అరబ్బీలో వివరాల చిట్టా, మన పాత దస్తావేజుల్లో ‘తపశీలు’ అని కనిపించేది అదే. తెలుగులో దీన్ని అనువదించే ప్రయత్నాలు జనంలోకి పోలేదు. మనం ‘ఎస్సీ’ అనేసి ఊరుకున్నాం. రెండక్షరాల్లో చీటీ కూడా కనిపించదు.

1949 సెప్టెంబరు 17న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ప్రతిపాదించిన అధికరణాలే ఇప్పటి 341, 342. రాజ్యాంగం నిండా పొడుగాటి జాబితాలు పెట్టడం ఎందుకని, రాష్ట్రపతి గవర్నరుతో సంప్రదించి నోటిఫికేషన్ ద్వారా కులాలను స్పెసిఫై చేస్తాడన్నారు. రాష్ట్రాల్లో అయితే ఆ రాష్ట్రానికి సంబంధించినంతవరకు ఆ కులాలు షెడ్యూల్డ్ కులాలుగా ‘డీమ్’ అవుతాయి. ఒకసారి జాబితా వచ్చాక అందులో చేర్చడం, తీసేయడం పార్లమెంటు చట్టంతోనే. రాజకీయ కారణాలు జాబితాలో వేలు పెట్టకూడదన్నది అంబేడ్కర్ చెప్పిన ఉద్దేశం. నాకు అందులో ఒక న్యాయవాది జాగ్రత్త కనిపిస్తుంది. కలెక్టరో మునసబో ‘నువ్వు అంటరానివాడివేనని రుజువు చెయ్’ అని అడగకుండా, పేరుంటే చాలు అనేలా చేశాడు. అవమానాన్ని ప్రతిసారీ వర్ణించి చూపించాల్సిన బాధ తప్పింది. ఈ లాభం చిన్నది కాదు.

దీనికి మూల్యమూ ఉంది. వర్ణన అయితే మనిషి వెంట వస్తుంది. పేరు చీటీలోనే ఉంటుంది.

బంజారాల సంగతి చూడండి. తెలంగాణలో, ఆంధ్రలో లంబాడీలు షెడ్యూల్డ్ తెగ. సరిహద్దు దాటి కర్ణాటకలోకి వెళ్తే షెడ్యూల్డ్ కులం. మహారాష్ట్రలో ఇవి రెండూ కాదు, విముక్త జాతి. అదే గోర్ భాష, అవే తండాలు. అంతెందుకు, తెలుగు నేల మీదే ఆంధ్ర ప్రాంతపు లంబాడీలు ముందునుంచీ జాబితాలో ఉంటే, తెలంగాణవాళ్ళు 1976 చట్టంతో గానీ చేరలేదు. ఇరవై ఏళ్ళు ఒకే రాష్ట్రంలో ఉండి, ఒక పెళ్ళిలో పిల్లవాడి వైపువాళ్ళు తెగ, పిల్ల వైపువాళ్ళు కాదు. 341, 342 రెండింట్లోనూ ‘ఆ రాష్ట్రానికి సంబంధించినంతవరకు’ అన్న ముక్క ఉండటం వల్లే ఇదంతా. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ అయిన ఒక కుటుంబం ఉద్యోగరీత్యా బొంబాయి వెళ్తే, వాళ్ళ పిల్లవాడు అక్కడ మెడికల్ సీటుకి ఎస్టీ కాడని 1990లో సుప్రీంకోర్టు ఆ ముక్క చూపించే చెప్పింది.

ఇక వడ్డెరలు. రాళ్ళు కొట్టి, బావులు తవ్వి, చెరువు కట్టలు పోసిన జనం. ఆంధ్ర, తెలంగాణల్లో బీసీ-ఏ. కర్ణాటకలో ‘భోవి’ పేరుతో ఎస్సీ. 1962 మైసూరు ఎన్నికల్లో బెంగళూరు సౌత్ రిజర్వుడు స్థానం నుంచి గెలిచిన మునిచిన్నప్ప మీద బసవలింగప్ప కేసు వేశాడు: జాబితాలో ఉన్నది భోవి, ఈయన వొడ్డర్, కాబట్టి ఎన్నిక చెల్లదు. కేసు సుప్రీంకోర్టుదాకా పోయింది. 1964లో కోర్టు చెప్పింది స్థూలంగా ఇది: జాబితాలో లేని కులం ఉన్నదాంట్లో భాగమేనని నిరూపిస్తామంటే మామూలుగా ఒప్పుకోం. కానీ 1956కి ముందటి మైసూరులో భోవి అనే పేరున్న కులం వేరే లేదు. రాష్ట్రపతి లేనివాళ్ళని స్పెసిఫై చేసి ఉండడు కదా, మరి ఎవర్ని అన్నట్టు? వెతికితే, 1944లో వొడ్డర్లు సభ పెట్టుకుని తమ కులాన్ని ‘బోయి’ అని పిలవాలని తీర్మానించారు, 1946లో మైసూరు ప్రభుత్వం సరేనని ఉత్తర్వు ఇచ్చింది. ‘బోయి’కీ ‘భోవి’కీ తేడా ఇంగ్లీషు స్పెల్లింగు తెచ్చిన తేడానే. మునిచిన్నప్ప ఎన్నిక నిలబడింది.

గౌరవం కోసం ఒక పాత పేరు వదిలి కొత్త పేరు తీసుకున్నారు. ఆ కొత్త పేరే చీటీకెక్కి, వాళ్ళు వాళ్ళేనా అని మళ్ళీ వాళ్ళనే అడిగింది. ఈ తీర్పులో నాకు నచ్చేది, న్యాయమూర్తులు కాసేపైనా పేరు వెనక ఎవరున్నారని చూశారు. స్పెసిఫైలోని మొదటి సగాన్ని, చూపుని, వాడారు.

తర్వాతి కాలంలో ఆ తలుపు మూసుకుపోయింది. నాగపూర్ వైపు కోష్టి అనే నేతకులం తాము జాబితాలోని హల్బా తెగేనని చాలాకాలం వాదించింది. 2000లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది: జాబితాలో ఏముందో అది అక్షరం మార్చకుండా చదవాలి, విచారణ జరిపి ఇంకో పేరు అందులో కలపడానికి ఏ కోర్టుకీ, ఏ అధికారికీ వీల్లేదు. ఆ కేసులో ఉన్న విద్యార్థి అప్పటికే డాక్టరు అయిపోయాడు. అతని డిగ్రీ జోలికి పోలేదు గానీ ఇకపై ఎస్టీ ప్రయోజనాలు రావన్నారు. ప్రతి కేసులో పేరు వెనక చరిత్ర తవ్వుతూ పోతే జాబితాకి అంతుండదు, నిజమే. చట్టం దృష్టిలో ఇది సబబే. అక్షరం మారితే జీవితం మారుతుందన్న సంగతీ అంతే నిజం.

ఇప్పుడు మన ఇంటి తగాదా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జాబితాలో 59 కులాలు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా అడిగింది ఒక్కటే: చీటీలో అందరం ఉన్నాం, ఉద్యోగాలు మాత్రం అందరికీ రావడం లేదు, లెక్క వేసి పంచండి. జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ తర్వాత 2000లో ప్రభుత్వం చట్టం చేసి ఎ, బి, సి, డి అని నాలుగు గుంపులు చేసింది: 15 శాతంలో 1, 7, 6, 1. దీని మీద వెళ్ళిన చిన్నయ్య కేసులో 2004 నవంబరులో ఐదుగురు న్యాయమూర్తులు ఆ చట్టాన్ని కొట్టేశారు. రాష్ట్రపతి స్పెసిఫై చేసిన క్షణం నుంచి ఈ కులాలన్నీ కలిసి ఒకే తరగతి, దాన్ని మళ్ళీ విడదీయడం అంటే జాబితాని సవరించడమే, రాష్ట్రానికి ఆ అధికారం లేదు.

రోమన్ల సారా గుర్తుందా? ఇదే. ద్రాక్షలు పిండేశారు, ఇక గుత్తులు లేవు. మాల, మాదిగ, రెల్లి, డక్కలి అనే తేడాలు ఊళ్ళో ఉన్నాయి, పెళ్ళిళ్ళలో ఉన్నాయి, చట్టం కళ్ళకి మాత్రం లేవు. ఒక క్రియాపదానికి ఇంత శక్తి ఇవ్వడం నాకు అప్పుడూ మింగుడుపడలేదు, ఇప్పుడూ పడదు. పిలవడం వేరు, కలిపేయడం వేరు. అటువైపు భయమూ అబద్ధం కాదు. విడదీయడం మొదలుపెడితే రాజకీయ బేరసారాలకి అంతుండదనీ, ఉమ్మడి బలం పోతుందనీ మాల సంఘాలు అన్నది అంబేడ్కర్ చెప్పిన జాగ్రత్తకి మరీ దూరమేం కాదు.

ఇరవై ఏళ్ళు గడిచాయి. 2024 ఆగస్టు 1న, పంజాబ్ చట్టం మీద వచ్చిన దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు కూర్చుని ఆరుగురు ఒకవైపు, జస్టిస్ బేలా త్రివేది ఒకరు ఒకవైపుగా చిన్నయ్య తీర్పుని పక్కనబెట్టారు. మెజారిటీ చెప్పిన సారం: 341 ఎవరు షెడ్యూల్డ్ కులమో గుర్తించే పని మాత్రమే చేస్తుంది. గుర్తించినంత మాత్రాన లోపలివాళ్ళందరూ ఒకే రకం అయిపోరు. లోపల పంచుకోవడం చేర్చడమూ కాదు, తీసేయడమూ కాదు. అంటే గిన్నెగా చేసినా బంగారం బంగారమే. అక్షరం మారని అదే వాక్యానికి 2004లో ఒక అర్థం, 2024లో ఇంకోటి. మధ్యలో వయోపరిమితి దాటిపోయినవాళ్ళ సంగతి ఏ తీర్పూ రాయదు.

ఈ క్రియ మధ్యలో ఇంకోచోటా దెబ్బకొట్టింది. 2018 సవరణతో వచ్చిన 342ఎ లో వెనకబడిన తరగతులని కూడా రాష్ట్రపతి స్పెసిఫై చేయొచ్చని రాశారు. 2021 మేలో మరాఠా రిజర్వేషన్ల కేసులో ముగ్గురు న్యాయమూర్తులు, అయితే ఇక రాష్ట్రాలకి ఆ పని లేనట్టే అన్నారు. ఇద్దరు కాదన్నారు. అదే ఆగస్టులో పార్లమెంటు 105వ సవరణ చేసి, రాష్ట్రాలు తమ జాబితా తాము రాసుకోవచ్చని స్పష్టం చేయాల్సి వచ్చింది.

2025లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఎస్సీలని మూడేసి గుంపులు చేశాయి. తెలంగాణలో 1, 9, 5 శాతం. ఆంధ్రలో 1, 6.5, 7.5. ఆ పట్టికలు వచ్చినప్పుడు నేను 59 పేర్లూ కూర్చుని చదివాను. మాలా మాదిగలు కాక ఎన్ని పేర్లని! మష్టి, మాంగ్ గరోడి, సంబన్, చచాటి. మాదిగలకి జాంబపురాణం చెప్పి, కిన్నెర వాయించి బతికిన డక్కలివాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఊళ్ళో వాళ్ళని డక్కలి అంటారు. జాబితాలో ఉన్నది ‘డక్కల్, డొక్కల్వార్’. వాళ్ళ పిల్ల సర్టిఫికెట్‌కి వెళ్ళి నోటితో ఏ పేరు చెప్పినా, కాగితం మీద పడాల్సింది ఆ రెండింటిలో ఒకటే.